కుడి అంటే ఎవరి కుడి

పని మానేసి అనుభవాలు రాసేవాళ్ళకు సాధారణంగా జుట్టు నెరిసి ఉంటుంది. నాకు ముప్ఫై రెండేళ్ళు. ఆ పని ఆరేళ్ళే చేశాను. అయినా డిప్లొమాలు పట్టుకుని ఇప్పుడు అదే పనిలోకి వెళుతున్న కుర్రవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చి అడుగుతున్నారు. పడవ మీద ఉద్యోగమట, ప్రమాదమా, ఈత రావాలా, అధికారులు మంచివాళ్ళేనా అని. ఈత వస్తే మంచిదే, కానీ ఓడ కిందికి పోయినవాడికి ఈత పనికిరాదు. అధికారుల సంగతి ముందు ముందు వస్తుంది. నేను ఏ ఏడు ఏ హోదాలో ఉన్నానో రాయను. చిన్న పడవలో పెద్ద ఓడల మధ్య ఎలా మసలుకోవాలో నాకు తెలిసినంత రాస్తాను. అందులో చాలాభాగం నేను తప్పు చేసి తెలుసుకున్నదే, కాబట్టి చదవడానికి అంత గౌరవంగా ఉండదు.

పని ఏమిటి

మద్రాసు రేవు ముందర సముద్రం అడుగున ఇసుక ఒక్కచోట ఉండదు. దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూనే ఉంటుంది. దాన్ని తవ్వి తీసే కాంట్రాక్టరు ఒకరి దగ్గర నేను సర్వే అసిస్టెంటుని. తవ్వకముందు ఎంత లోతు, తవ్విన తరవాత ఎంత లోతు, ఈ రెండూ కొలవడమే మా పని.

ఇరవై నాలుగు అడుగుల పడవ. ఒక తెరచాప, నాలుగు తెడ్లు. మోటారు లాంచి ఒకటి ఉండేది గాని అది పెద్దవాళ్ళ రాకపోకలకే సరిపోయేది. పడవలో ఆరుగురం. నేను. చుక్కాని దగ్గర తండేలు పోలయ్య. తండేలు అంటే పడవకు పెద్ద. తక్కినవాళ్ళు తెడ్లు వేసే నలుగురు. వాళ్ళలో అంకయ్య అనేవాడు గాలి ఉన్నప్పుడు తెడ్డు వదిలి ముందుకు పోయి, తాడు కట్టిన సీసపు గుండు నీళ్ళలోకి వేసి లోతు చెప్పేవాడు. తాడుకు బారకొక తోలుముక్క కట్టి ఉంటుంది. "నాలుగు బారలు, పైన పావు" అని అంకయ్య అరిస్తే నేను పుస్తకంలో రాసుకునేవాణ్ణి. వాళ్ళంతా కాసిమేడు, రాయపురం వైపు తెలుగువాళ్ళు. మాది చాకలిపేట. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కాలేజీలో ఇంగ్లీషు.

లోతులు అడ్డదిడ్డంగా కొలిస్తే పనికిరావు. తిన్నటి గీత మీద కొలవాలి. అందుకోసం దక్షిణాన రేవు గోడ మీద రెండు జెండా కర్రలు ఒకదాని వెనక ఒకటి పాతాం. ఆ రెండూ ఒకే కర్రలాగా కనిపిస్తున్నంతసేపు పడవ గీత మీద ఉన్నట్టు. పడవ ఉత్తరానికి పోతుంటే నేను వెనక్కి, జెండాల వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. తెడ్డు వేసేవాళ్ళూ వెనక్కి తిరిగే కూర్చుంటారు, అది ఏ పడవలోనైనా అంతే. అంటే మా పడవలో ముందుకు చూసి కూర్చునేవాడు పోలయ్య ఒక్కడే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను నాలుగేళ్ళు ఆ పడవలో కూర్చుని కూడా దీని గురించి ఆలోచించలేదు.

గీత తెగడం మాకు పెద్ద బాధ. ఏదో ఓడకు దారి ఇవ్వడానికి పక్కకు పోతే ఆ గీత మొత్తం మళ్ళీ మొదటినుంచి కొలవాలి. కొత్తగా వచ్చేవాళ్ళు ఒక సంగతి ముందే తెలుసుకోండి. చిన్న పడవను పెద్ద ఓడ కిందికి తోసేది గాలీ అలలూ మాత్రమే కాదు. పూర్తికాని పని కూడా.

కొయ్య

నేను చేరిన కొత్తలో పోలయ్య అప్పుడప్పుడూ ఒక కన్ను మూసి, తెడ్డు ఆనించే కొయ్య మీదుగా దూరంగా ఉన్న ఓడను చూస్తూ ఉండేవాడు. ఏమిటది అని అడిగాను.

"కప్పలు యాడికి పోతాదో చూస్తా ఉండా సార్." ఓడను వాళ్ళు అరవంలో లాగా కప్పలు అనేవారు. "కొయ్యకి ముందుకి జరిగితే మన ముందర పోతాది. ఎనక్కి జరిగితే మన ఎనక పోతాది. కొయ్యని అతుక్కోని ఆడనే నిలబడిందనుకోండి, మనకోసరమే వస్తా ఉండాది."

నేను నవ్వి, ఇకమీదట ఆ పని నా దిక్సూచి చేస్తుంది, నువ్వు చుక్కాని చూసుకో అన్నాను. "సెరి సార్" అన్నాడు. మూడు నెలలు అలాగే గడిచాయి. తరవాత ఒకరోజు ఊరికే నేను కూడా కొయ్య మీదుగా చూశాను. అప్పుడర్థమైంది. ఎదుటి ఓడ కనిపించే దిశ మారకుండా ఉండి దూరం మాత్రం తగ్గుతుంటే గుద్దుకోవడం ఖాయమని మా పాఠ్యపుస్తకంలో ఒక పేజీ బొమ్మతో సహా ఉంది. పోలయ్య కొయ్య ఆ పేజీయే. పైగా ఎగిరిపడే చిన్న పడవలో దిక్సూచి ముల్లు పది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. కొయ్య ఊగదు. పడవ ముక్కు తిన్నగా ఉంచగలిగితే చాలు, అది పోలయ్యకు వచ్చు.

ఈ సంగతి నేను అతనితో చెప్పలేదు. మర్నాటి నుంచి దిక్సూచి పెట్టె తెరవడం మానేశాను, అంతే. అతను మళ్ళీ కొయ్య మీదుగా చూడడం మొదలుపెట్టాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. "నీదే సరైనది" అనడానికి నాకు నోరు రాలేదు. అతనికి మా నాన్న వయసు. నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి, అతను నన్ను మీరు అనేవాడు.

దారి ఎవరిది

ఆవిరి ఓడ తెరచాప పడవకు దారి ఇవ్వాలని అంతర్జాతీయ నియమం ఉంది. పరీక్షకు చదివి ఉంటారు. అది నిజమే. దాన్ని నమ్ముకుని మాత్రం కూర్చోకండి.

ఒకసారి బొగ్గు తెచ్చిన ఓడ ఒకటి వస్తోంది. ఇంకా చాలా దూరంలో ఉంది. పోలయ్య నన్ను అడక్కుండానే చుక్కాని తిప్పి గీత వదిలేశాడు. నాకు కోపం వచ్చింది. నియమం ప్రకారం అదే పక్కకు పోవాలి, పుస్తకంలో ఉంది అన్నాను.

"ఆమా సార్, ఉంటాది. ఆ పుస్తకం పైన మేడలో నిలబడుకోనుండే ఆయన సదివినాడో లేదో మనకెట్టా తెలుస్తాది?"

అంకయ్య పోలయ్య మాట అందుకున్నాడు. "సదివినా ఈ పొద్దు మరిచిపోయుంటే ఏం జేస్తావ్ మావా? పడవలోనించి ఎత్తి చూపిస్తావా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ఓడ మా పక్కనుంచే పోయింది, కొంచెం కూడా తిరగకుండా. అసలు మమ్మల్ని చూసినట్టే లేదు. తరవాత ఒకసారి నేను ఓడ ఎక్కి, చుక్కాని గదిలో నిలబడి చూశాను. ఓడ ముక్కు ముందర చాలా దూరం వరకు నీళ్ళు కనిపించవు. ముక్కే అడ్డం. పొద్దుటి వెలుగు ఎదురుగా ఉంటే మా లాంటి పడవ తెరచాప తెల్లటి నురగ ముక్కలాగా ఉంటుంది. చూసినా వెంటనే ఆగలేదు. ఇంజను వెనక్కి తిప్పిన తరవాత కూడా అది ముందుకు పోతూనే ఉంటుంది.

కాబట్టి ఈ విషయంలో నా అభిప్రాయం పోలయ్య అభిప్రాయమే. దారి నీదే అయినా ఇచ్చెయ్యి. ఇచ్చేది తొందరగా ఇయ్యి. కొంచెం కొంచెం కాదు, పై నుంచి చూసేవాడికి అనుమానం లేకుండా ఒక్కసారే బాగా తిరుగు. తిరిగేది దాని వెనక వైపుకు తిరుగు. దాని ముందునుంచి దాటిపోవచ్చు అనిపించినప్పుడు, గాలి పడిపోతే ఏం చేస్తానని ఒకసారి అడుక్కో. ఇవన్నీ తెలిసి కూడా నేను చేసిన పని తరవాత చెబుతాను.

పద్నాలుగు నియమాలు

మా చీఫ్ సర్వేయరు రాఘవాచారి గారు. పనిలో ఆయన నాకు నేర్పింది చాలా ఉంది. చేరిన రోజే నాతో అన్న మాట ఇది. "పుస్తకంలో జరిగింది రాయవయ్యా. ఎందుకు జరిగిందో నేను చూసుకుంటాను." లోతు రెండుసార్లు రెండు రకాలుగా వస్తే రెండూ రాయాలి, సగటు చేసి రాస్తే ఊరుకునేవారు కాదు. అంత శుభ్రమైన మనిషి. ఆయన మెప్పు కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి.

అలా చేసినవాటిలో ఒకటి పడవకు నియమాల పట్టిక. పద్నాలుగు నియమాలు రాసి, టైపు చేయించి, మైనం కాగితంలో పెట్టి తెరచాప కొయ్యకు కట్టించాను. తాళ్ళు చుట్టడం దగ్గరినుంచి నీళ్ళ కుండ ఉంచే చోటు దాకా అందులో ఉన్నాయి. ఐదోది మాటల గురించి.

మా వాళ్ళు పడవను తిప్పడానికి కుడి ఎడమలు వాడేవారు కాదు. ఒడ్డు వైపు తిప్పాలంటే "కర పక్క", సముద్రం వైపు తిప్పాలంటే "కడలు పక్క". ఇది శాస్త్రీయం కాదని నాకనిపించింది. నా వాదనలో న్యాయం లేకపోలేదు. రేవు లోపలికి వెళితే మూడు వైపులా గట్టే, అప్పుడు కర ఏది? పైగా ఉత్తరానికి పోయేటప్పుడు ఎడమ పక్క ఉన్న కర, తిరిగి వచ్చేటప్పుడు కుడి పక్కకు వస్తుంది. మాట ఒకటే ఉండాలి, అర్థం ఒకటే ఉండాలి. అందుకని ఐదో నియమం: ఆజ్ఞలకు కుడి, ఎడమ అనే మాటలే వాడవలెను. వేరే మాటలు నిషేధము.

చదివి వినిపించాను. పోలయ్య తల గోక్కున్నాడు.

"కుడి అంటే ఎవురి కుడి సార్?"

"ఎవరి కుడి ఏమిటి? పడవ కుడి."

"పడవకి చేతులుంటే బాగుండు." ఇది అంకయ్య.

"అది గాదు సార్," అన్నాడు పోలయ్య. "నేను ఇట్టా తిరిగి కూసోనుండా. ఈళ్ళు అట్టా తిరిగి కూసోనుండారు. మీరూ అట్నే కూసోనుండారు. నా కుడి ఈళ్ళకి ఎడం. కర అనుకోండి, ఎట్టా కూసున్నా కర ఆడనే ఉంటాది."

ఇప్పుడు రాస్తుంటే ఎంత తేటగా చెప్పాడో తెలుస్తోంది. అప్పుడు నాకు వేళాకోళంగా వినిపించింది. ముసలివాళ్ళకు కొత్త అలవాటు చెయ్యడం కష్టం అనుకున్నాను. రేవు లోపల, కదలని నీళ్ళలో, రెండు రోజులు అభ్యాసం చేయించాను. నేను "కుడి" అంటే తెడ్డువాళ్ళు ఒక్క క్షణం ఆగి, మనసులో తిప్పుకుని, సరిగానే లాగేవారు. ఆ ఒక్క క్షణం నేను చూశాను. అలవాటైతే పోతుందనుకున్నాను. చీఫ్ గారు పట్టిక చూసి బాగుందన్నారు. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

ఆ ఉదయం

నియమాలు పెట్టిన ఆరు వారాలకు. రేవు వాకిలికి ఎదురుగా, ఒడ్డుకు సమాంతరంగా ఉత్తరానికి గీత మీద పోతున్నాం. ఎడమ వైపు ఒడ్డు, కుడి వైపు సముద్రం. గాలి సన్నగా ఉంది. వెనక జెండాలు రెండూ ఒకే కర్రలాగా నిలబడి ఉన్నాయి. ఆ సీజన్లో అంత తిన్నగా వచ్చిన గీత అదే.

ఈశాన్యం వైపు లంగరు వేసి ఉన్న సరకుల ఓడ ఒకటి కదిలింది. రేవులోకి వస్తోంది.

"సార్, కప్పలు కొయ్య మీదనే ఉండాది," అన్నాడు పోలయ్య.

చూద్దాం అన్నాను. మూడుసార్లు గుండు వేశాం. గాలి ఇంకా తగ్గింది.

"కొయ్య దాటడంలా సార్. కడలు పక్కకి, అదే, కుడికి పోదామా?"

"ఇంకా నాలుగు గుండ్లు. గీత అయిపోతుంది."

నాలుగూ వేశాం. నాలుగు లోతులూ రాశాను. తల ఎత్తి ఈసారి ముందుకు చూశాను. ఓడ ముక్కుకు రెండు పక్కలా తెల్లటి నురగ సమానంగా కనిపించింది. అలా కనిపించిందంటే అది తిన్నగా మన మీదికి వస్తున్నట్టు. అప్పుడే తెరచాప చప్పుడు చేయకుండా వాలిపోయింది. గాలి లేదు. వేగం లేని పడవకు చుక్కాని పనిచేయదు. ఎటు తిప్పినా పడవ తిరగదు.

తెడ్లు వెయ్యమన్నాను. అంకయ్య గుండు వదిలేసి తన చోటికి దూకాడు. "కుడికి! కుడికి తిప్పండి" అని అరిచాను. కుడి అంటే సముద్రం వైపు. అటు తిరిగితే ఓడ దారి తప్పించుకుని దాని వెనక్కి పోతాం. ఆజ్ఞ సరైనదే.

ఇద్దరు పడవ కుడి అనుకున్నారు. ఇద్దరు తమ కుడిచేతి వైపు అనుకున్నారు. అది పడవకు ఎడమ. నాలుగు తెడ్లూ బలంగానే పడ్డాయి, ఒకదానికొకటి ఎదురుగా. పడవ ఉన్నచోటే వణికింది. నేను మళ్ళీ "కుడి" అన్నాను, ఇంకా గట్టిగా. దాంతో ఇందాక సరిగా లాగుతున్న ఇద్దరు తామే తప్పనుకుని మార్చుకున్నారు, తప్పు లాగుతున్న ఇద్దరూ మార్చుకున్నారు. పడవ మళ్ళీ అక్కడే.

అప్పుడు పోలయ్య లేచి నిలబడ్డాడు. "కడలు పక్క లాగండ్రా. కడలు పక్క." అరవలేదు. మామూలు గొంతు కంటే కొంచెం పెద్దగా అన్నాడు, అంతే. నాలుగు తెడ్లూ ఒక్కసారి పడ్డాయి. పడవ ముక్కు సముద్రం వైపు తిరిగింది.

ఓడ ముక్కు మమ్మల్ని తగలలేదు. అది తోసిన అల మమ్మల్ని ఎత్తి పక్కకు విసిరింది, మళ్ళీ దాని పక్కగోడ వైపుకే లాగింది. పోలయ్య ఒక తెడ్డు తీసి ఆ ఇనుప గోడకు ఆనించి పడవను దూరంగా తోస్తూ నిలబడ్డాడు. తెడ్డు జారింది. అతని కుడిచెయ్యి తెడ్డుకూ పడవ అంచుకూ మధ్య నలిగింది. ఓడ పోయింది. పై నుంచి ఒక మనిషి కిందికి చూశాడు. అతని చేతిలో టీ కప్పు ఉంది. ఏం జరిగిందో అతనికి తెలిసినట్టు లేదు.

పోలయ్యకు రెండు వేళ్ళు పోయాయి. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

భిన్నమైన

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. ఇప్పటికీ ఆ వాక్యం నాకు నోటికి వచ్చు. "ప్రమాద సమయమున నేను 'కుడి' అని ఆజ్ఞ ఇచ్చియుండగా, తండేలు ఐదవ నియమమునకు విరుద్ధముగా, నా ఆజ్ఞకు భిన్నమైన ఆజ్ఞ ఇచ్చెను."

ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నా మాట కుడి. అతని మాట కడలు పక్క. రెండూ వేరు మాటలు. రెండూ చూపించే వైపు మాత్రం ఒకటే. మొదట "వేరే మాటలతో" అని రాశాను. కొట్టేసి "భిన్నమైన ఆజ్ఞ" అని రాశాను. ఎందుకు మార్చానో అప్పుడే నాకు తెలుసు. చదివినవాడు నేను ఒకవైపు అంటే పోలయ్య ఇంకోవైపు తిప్పాడనుకుంటాడు. అలా అనుకోవాలనే రాశాను. నాలుగు గుండ్ల సంగతి రాయనేలేదు. లోతుల పుస్తకంలో అవి ఉన్నాయి, కానీ ఆ పుస్తకాన్నీ ఈ రిపోర్టునూ పక్కపక్కన పెట్టి ఎవరు చూస్తారు?

రెండు వారాల తరవాత రాఘవాచారి గారు పిలిపించారు. పోలయ్య చేతికట్టుతో వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. నేను కుర్చీలో ఉన్నాను.

"సార్ ఇచ్చిన ఆర్డరు కాకుండా వేరే ఆర్డరు ఇచ్చావా నువ్వు?" అని అడిగారు చీఫ్ గారు.

"ఇస్తి సామీ."

"ఎందుకిచ్చావు? రూలు తెలీదా?"

"తెలుసు సామీ. చిన్నప్పటినించి నోట్లో ఉండే మాట, అదే వచ్చేసినాది."

అతను నా వైపు చూశాడు. నన్ను బతిమాలుతున్నట్టు కాదు. మిగతాది మీరు చెప్పండి, మీకు చదువొచ్చు అన్నట్టు. చీఫ్ గారు కూడా నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పేది ఇంకేమైనా ఉందా?"

ఆ రెండు మాటలకూ అర్థం ఒకటే సార్. ఇంత చెబితే చాలు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టే గాజు గుండు ఒకటి ఉంది, లోపల ఒక బుడగ. దాన్ని చూస్తూ "లేదు సార్" అన్నాను.

ఆజ్ఞ ధిక్కరించినందుకు పోలయ్యను తీసేశారు. చీఫ్ గారిని నేను తప్పు పట్టను. నేను రాసింది నమ్మారు. జరిగింది రాస్తానని నమ్మి నేర్పిన మనిషి ఆయన.

తరవాత

కొత్త తండేలు వచ్చాడు. మొదటి రోజే అందరూ మళ్ళీ కర పక్క, కడలు పక్క అనసాగారు. పట్టిక తెరచాప కొయ్యకు అలాగే వేలాడుతోంది. ఒకరోజు నేనే పొరపాటున "కడలు పక్క" అన్నాను. తెడ్డు వేస్తున్న అంకయ్య చెయ్యి ఆపాడు.

"తప్పు గదా సార్ ఆ మాట. మా మావకి పని పోయింది దానికే గదా. కుడి అనండి, కుడి."

ఎవరూ నవ్వలేదు. నేను కుడి అన్నాను. వాళ్ళు చాలా శ్రద్ధగా పడవను ఎడమకు తిప్పారు. చుట్టుపక్కల ఓడలేవీ లేవు. అలా ఒక చుట్టు చుట్టించి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు గీత మీదికి తెచ్చారు.

ఆ పడవలో ఇంకో ఏడాదిన్నర కూర్చున్నాను. ఇది రాయడానికి ఎంత సిగ్గుగా ఉందో చెప్పడం కష్టం. రోజూ వెళ్ళేవాణ్ణి. రోజూ వాళ్ళు నాకు నీళ్ళు ఇచ్చేవారు, సార్ అనేవారు, అడిగినదానికి జవాబు చెప్పేవారు. నాతో మాత్రం మాట్లాడేవారు కాదు.

చివరికి కొత్త రిపోర్టు రాశాను. ఒక పేజీ. రెండు ఆజ్ఞలూ ఒకటేనని, తండేలు మాట వల్లే ఆరుగురం బతికామని, మొదటి రిపోర్టులో మాట నేను కావాలనే మార్చానని, గాలి పడిపోయేదాకా నాలుగు లోతుల కోసం ఆగింది నేనేనని. రాఘవాచారి గారు రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీశారు.

"భిన్నమైన అంటే వేరే వైపు అనుకున్నానయ్యా నేను."

"అలా అనుకోవాలనే రాశాను సార్."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత కాగితం నాకే తిరిగి ఇచ్చారు. "ఫైలుకి ఇంకో కాపీ ఇవ్వు. ఇప్పుడు అతన్ని వెనక్కి పిలుద్దామన్నా ఆ చేత్తో చుక్కాని పట్టలేడు. ఇది నాకు చదివించడం కాదు. పోయి అతనికి చదివి వినిపించు." ఇంకెప్పుడూ నన్ను ఏమయ్యా అని పిలవలేదు. పేరు పెట్టి, చివర గారు చేర్చి పిలిచేవారు. నెల తిరక్కుండా నేను మానేశాను.

ఎన్నూరు

పోలయ్య ఎన్నూరులో కూతురింట్లో ఉంటున్నాడని అంకయ్య చెప్పాడు. ఆదివారం పొద్దున వెళ్ళాను. ఇల్లు వాగు ఒడ్డునే. పోలయ్య ఇంటి ముందు కూర్చుని, మూడు వేళ్ళతో దారం పట్టుకుని వల బాగుచేస్తున్నాడు. అల్లుడు పక్కనే పడవకు తారు పూస్తున్నాడు. ప్యాంటు వేసుకున్నవాడు వచ్చాడని ఇరుగుపొరుగువాళ్ళు ఐదారుగురు చేరారు.

"రండి సార్. ఈడ కూసోండి," అని పోలయ్య లేవబోయాడు. కూతుర్ని కేకేసి, "అమ్మా, మా సార్ వచ్చుండారు. చాపెయ్యి" అన్నాడు. మా సార్ అని అతను వాళ్ళకు చెప్పిన తీరులో గొప్ప వినిపించింది.

చాప మీద కూర్చోలేదు. జేబులోంచి కాగితం తీశాను.

"ఏంది సార్ ఆ కాయితం?"

"నీ గురించి రాసింది పోలయ్యా. చదువుతాను, విను."

"ఇప్పుడెందుకు సార్. కాఫీ తాగండి."

అది మర్యాద అనుకున్నాను. నలుగురూ ఉన్నారు, అందరి ముందూ చదివితే అతని పేరు నిలబడుతుంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా తప్పు నేనే నలుగురిలో ఒప్పుకుంటున్నానన్న తృప్తి కూడా ఉంది. గొంతు పెంచి చదివాను. మొదటి వాక్యం. రెండో వాక్యం. మూడోది ఇది: "కావున ఆజ్ఞను ధిక్కరించెనన్న నేరముపై పోలయ్యను పనిలోనుండి తొలగించుట అన్యాయము."

కూతురు గుమ్మంలో కాఫీ గ్లాసుతో ఆగిపోయింది.

"తొలగించేది ఏంది? తీసేసినారా నిన్ను?" అంది. "చెయ్యి బాగలేదని నువ్వే వద్దని వచ్చేస్తివి గదా నాయనా. పెద్ద సార్ ఉండమన్నాడని, నువ్వే ఒప్పుకోలేదని చెప్తివి గదా."

పోలయ్య వలలో చెయ్యి ఆపలేదు. అల్లుడు తారు కుంచె కిందపెట్టి మామ వైపు చూశాడు. పక్కింటివాడు ఒకడు ఇంకొకడితో అరవంలో ఏదో అన్నాడు. ఏడాదిన్నరగా ఆ వీధిలో పోలయ్య పెద్ద సార్ బతిమాలినా పని వదిలేసి వచ్చిన తండేలు. నేను వచ్చి మూడు వాక్యాల్లో ఆ పేరు తీసేశాను.

కాగితం మడవబోయాను.

"ఎందుకు మడస్తారు సార్," అన్నాడు పోలయ్య. తల ఎత్తలేదు. దారం పళ్ళతో కొరికాడు. "మొదలుపెట్టినారు గదా. అందురూ ఇంటా ఉండారు. సగంలో ఆపితే నేను ఏం తప్పు జేసినానో అనుకుంటారు. కడదాకా సదవండి."

ఇంకా ఆరు వాక్యాలు ఉన్నాయి. గొంతు తగ్గించడానికి వీల్లేదు, వెనక నిలబడినవాళ్ళకు వినిపించాలి. ఆరూ చదివాను.